ఇంటి సెన్సర్లకు చిన్న తెర: బెంగళూరు ఇళ్ళలో కొలతల ప్రదర్శన

ఇంట్లో అక్కడక్కడ అమర్చిన సెన్సర్ల కొలతలను ఒక మైక్రోకంట్రోలర్ సేకరించి, తనకు కలిపిన అరచేతిలో ఇమిడే తెర మీద చూపించే ఏర్పాటు ఈ వ్యాసానికి విషయం. ట్యాంకులో నీటి మట్టం, గది వేడి, గాలిలో తేమ, ధూళి, కరెంటు వాడకం వంటివి ఇందులో సాధారణంగా కనిపించే కొలతలు. ఇవే అంకెలు ఫోనులోనూ చూడవచ్చు. కానీ ఫోను ఒక మనిషిది, గోడ మీది తెర ఇంటిది. మోటారు స్విచ్చు పక్కన అంకె వెలుగుతూ ఉంటే అమ్మమ్మకూ కనిపిస్తుంది, పనిమనిషికీ కనిపిస్తుంది, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కూ కనిపిస్తుంది. పాస్‌వర్డు, యాప్, ఇంటర్నెట్ ఏవీ అడ్డం రావు.

ఈ పరికరాలు ప్రపంచమంతటా ఉన్నాయి. బెంగళూరులో మాత్రం వాటి అవసరం వేరే చోట మొదలవుతుంది. విదేశీ పుస్తకాల్లో ఇలాంటి పరికరానికి మొదటి ఉదాహరణ గది ఉష్ణోగ్రత. బెంగళూరు ఇంట్లో ముందుగా అడిగేది, సంపులో నీళ్ళెన్ని ఉన్నాయని.

నగరం నేపథ్యం

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉంది. పక్కన పెద్ద నది లేదు. కావేరి నీటిని తొరెకాడనహళ్ళి దగ్గర శుద్ధి చేసి, సుమారు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు 500 మీటర్ల ఎత్తు పంపులతో ఎక్కించి నగరానికి తెస్తారు. 1974లో మొదటి దశతో మొదలైన ఈ పథకంలో ఐదో దశను 2024 అక్టోబరులో ప్రారంభించారు. దాని సామర్థ్యం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. ఇన్ని దశలు దాటినా చాలా ప్రాంతాల్లో కొళాయి నీళ్ళు రోజంతా రావు. వచ్చిన వేళ నేల కింది సంపులో నింపుకుని, అక్కడి నుంచి మోటారుతో మేడ మీది ట్యాంకుకు ఎక్కించుకోవాలి. చాలకపోతే బోరు, బోరు ఎండితే ట్యాంకరు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి కటకట వచ్చినప్పుడు, కార్లు కడగడానికీ తోటలకూ తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా వేస్తామని నీటి మండలి మార్చి నెలలో ప్రకటించింది. అలాంటి ఊళ్ళో సంపు మూత ఎత్తి కర్ర ముంచి చూడకుండా మట్టం తెలియడం పెద్ద ఉపకారం.

పరికరాలు కూర్చుకునే వసతి కూడా ఈ నగరానికి పాతదే. ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ 1948లో, జాలహళ్ళిలో భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లో వచ్చాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో ఇక్కడ చిప్పుల రూపకల్పన కేంద్రం తెరిచింది. టౌన్‌హాలుకు దగ్గరలో, జేసీ రోడ్డుకు ఆనుకుని ఉన్న సదర్ పత్రప్ప రోడ్డును అందరూ ఎస్పీ రోడ్డు అనే పిలుస్తారు. రెసిస్టర్ల నుంచి తెరల దాకా విడిభాగాలు అక్కడ చేతితో పట్టి చూసి కొనుక్కోవచ్చు. ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులకు దశాబ్దాలుగా ఆ వీధే ఆధారం.

చేతిలో ఇమిడే తెర మీద సామాన్యుడికి పనికొచ్చే సమాచారం చూపించాలన్న ఆలోచన కూడా ఈ నగరానికి కొత్తది కాదు. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కలిసి రూపొందించిన సింప్యూటర్ ఆ కోవలోనిదే. లైనక్స్ మీద నడిచి, తాకితే స్పందించే తెరతో, భారతీయ భాషల్లో పాఠాన్ని చదివి వినిపించగల ఆ పరికరాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేయగా, 2004లో అమిడా పేరుతో అమ్మకానికి పెట్టారు. వ్యాపారంగా అది నిలవలేదు. అయినా ఇంగ్లీషు రాని మనిషిని మొదటి వినియోగదారుగా ఊహించుకుని తెరను రూపొందించాలన్న దాని పట్టుదలను ఇప్పటి ఇంటి పరికరాలు ఇంకా అందుకోలేదు.

మైక్రోకంట్రోలర్లు

ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, బయటి తీగలతో మాట్లాడే పిన్నులు అన్నీ ఒకే చిప్పులో ఉంటే అది మైక్రోకంట్రోలర్. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యూనో దీన్ని ఇంజనీర్లు కానివారి చేతికి కూడా అందించింది. ఇళ్ళలో సెన్సర్ల వెల్లువ తెచ్చింది మాత్రం షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ. వై-ఫై కలిసి ఉన్న దాని ఈఎస్‌పీ8266 చిప్పు 2014లో, ఈఎస్‌పీ32 చిప్పు 2016లో వచ్చాయి. ఈఎస్‌పీ32 బోర్డు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. 2021లో రాస్ప్‌బెర్రీ పై పికో, మరుసటి ఏడాది వై-ఫై ఉన్న పికో డబ్ల్యూ వచ్చాయి.

తెర ఎంచుకునేటప్పుడు వేగం కంటే ముందు చూడవలసింది జ్ఞాపకశక్తి. ఆర్డ్యూనో ఊనోలో ఉన్నది 2 కిలోబైట్లే. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు ఉన్న నలుపు తెలుపు తెర బొమ్మకు 1,024 బైట్లు కావాలి. అంటే సగం అక్కడే చెల్లిపోతుంది. 320కి 240 రంగుల తెరకు చుక్కకు రెండు బైట్ల లెక్కన 1,53,600 బైట్లు కావాలి. అది ఊనోకు అందని మాట. 520 కిలోబైట్ల ఈఎస్‌పీ32 దాన్ని మోయగలదు గానీ, వై-ఫై కూడా అందులోంచే వాటా తీసుకుంటుంది. అందుకే రంగుల తెరలకు మొత్తం బొమ్మను దాచుకోకుండా, మారిన ముక్కను మాత్రమే తిరిగి గీసే పద్ధతి వాడతారు.

తెరలు

అన్నిటికంటే పాతది, ఇప్పటికీ చెక్కుచెదరనిది 16 అక్షరాల రెండు వరుసల ఎల్‌సీడీ. హిటాచీ రూపొందించిన హెచ్‌డీ44780 నియంత్రకం దాని గుండె. వరుసలో 16 అక్షరాలే పడతాయి కాబట్టి ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవలసి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి అది మంచి శిక్షణ. మోటారు గదికి ఇంతకంటే ఖరీదైన తెర అక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీ1306 నియంత్రకం ఉన్న 0.96 అంగుళాల ఓఎల్‌ఈడీ నేడు ఎక్కువగా వాడుకలో ఉంది. దాని చుక్కలు స్వయంగా వెలుగుతాయి కాబట్టి వెనక దీపం ఉండదు, చీకట్లో స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగే తీగలు: కరెంటుకు రెండు, సమాచారానికి రెండు. ఆ రెండు తీగల ఐ2సి పద్ధతిని 1980లలో ఫిలిప్స్ ప్రవేశపెట్టింది. సెకనుకు 4,00,000 బిట్ల వేగంతో ఈ తెర మొత్తాన్ని ఒకసారి తిరిగి గీయడానికి 25 మిల్లీసెకన్లలోపే పడుతుంది. అంకెలు చూపించడానికి అది ధారాళంగా చాలు. లోపం ఒకటుంది: ఒకే అంకె, ఒకే గీత నెలల తరబడి ఒకేచోట వెలుగుతూ ఉంటే ఆ చుక్కలు మసకబారి మచ్చ మిగులుతుంది. రాత్రి కాంతి తగ్గించడం, బొమ్మను అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు పక్కకు జరపడం, మనిషి వచ్చినప్పుడే వెలిగించడం దీనికి విరుగుళ్ళు.

రంగుల టీఎఫ్‌టీ తెరలు ఎస్‌పీఐ అనే మరింత వేగమైన పద్ధతిలో మాట్లాడతాయి. గ్రాఫులు చూపించాలన్నా, తాకితే మారే పేజీలు కావాలన్నా ఇవే. వీటి మీద బొత్తాలు, వృత్తాకార మీటర్లు గీయడానికి ఎల్‌వీజీఎల్ అనే ఉచిత లైబ్రరీకి మంచి పేరుంది.

నా దృష్టిలో గోడ మీది తెరకు అన్నిటికంటే తగినది ఈ-పేపర్. బొమ్మ మార్చేటప్పుడు మాత్రమే దానికి కరెంటు కావాలి. తీగ పీకేసినా చివరి బొమ్మ అలాగే నిలుస్తుంది. పగటి వెలుతురులో అచ్చు కాగితంలా చదవవచ్చు. మొత్తం బొమ్మ మార్చడానికి రెండు సెకన్ల దాకా పట్టి, ఆ మధ్యలో తెర మినుకుమినుకుమంటుంది. సెకనుకోసారి మారే అంకెకు ఇది పనికిరాదు. కానీ నీటి మట్టాన్ని పది నిమిషాలకోసారి చూపితే చాలదా? అయితే దాని గొప్ప గుణమే దాని ప్రమాదం కూడా. పరికరం చచ్చిపోయినా పాత అంకె చెక్కుచెదరకుండా కనబడుతూనే ఉంటుంది.

నీటి మట్టం కొలవడం

ఎక్కువమంది వాడేది అల్ట్రాసోనిక్ సెన్సర్. 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో, మన చెవికి వినపడని శబ్దాన్ని కిందికి పంపి, నీటి మీద తగిలి ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. ఆ కాలాన్ని శబ్దవేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. మీటరు దూరంలో నీరుంటే ప్రతిధ్వని సుమారు 5.8 మిల్లీసెకన్లలో వస్తుంది. సంపు లోతులోంచి ఆ దూరం తీసేస్తే నీటి మట్టం.

లెక్క సులువే గానీ సంపు అంత సులువు కాదు. చవకగా దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా కొలుస్తుందంటారు. అది తడికి తట్టుకోదు. సంపులో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, సెన్సర్ ముఖం మీద నీటిబొట్లు పట్టి కొద్దికాలానికే పాడవుతుంది. తడికి ఓర్చే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ రకం మేలు. కానీ దానికి ముందున్న 20 నుంచి 25 సెంటీమీటర్లు గుడ్డి ప్రాంతం. సెన్సర్‌ను మూతకు సమంగా బిగించి, నీరు అంచుదాకా నిండేలా వదిలితే, సరిగ్గా నిండబోయే వేళకే కొలత తప్పుతుంది. పొంగిపోవడాన్ని ఆపడానికి పెట్టిన పరికరం ఆ క్షణానికే గుడ్డిదైతే ఏం లాభం? నీరు చేరే గరిష్ఠ మట్టానికి కనీసం 25 సెంటీమీటర్ల పైన సెన్సర్ ఉండాలి. అంత చోటు లేకపోతే మూత మీద చిన్న గొట్టం లేపి అందులో పెట్టాలి.

శబ్దం సన్నని దారంలా దిగదు, కిందికి వెళ్ళేకొద్దీ విచ్చుకుంటుంది. సంపు లోపలి నిచ్చెన మెట్టో, నీరు పడే గొట్టమో దారిలో ఉంటే ప్రతిధ్వని అక్కడి నుంచే వచ్చి నీరు ఉన్నదానికంటే పైన ఉన్నట్టు చెబుతుంది. నీళ్ళు పడుతున్నప్పుడు పైపొర కదలడం వల్ల కొలతలు ఎగిరిపడతాయి. ఒక్క కొలతను నమ్మకుండా ఏడో తొమ్మిదో తీసుకుని, వరుసలో పేర్చి మధ్యదాన్ని తెరకు పంపాలి. సగటు తీస్తే ఒక్క తప్పుడు కొలత మొత్తాన్ని లాగేస్తుంది. మధ్యదాన్ని ఎంచుకుంటే ఆ బెడద ఉండదు.

శబ్దవేగం గాలి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది. 20 నుంచి 30 డిగ్రీలకు మారితే రెండు మీటర్ల దూరంలో తేడా మూడున్నర సెంటీమీటర్లు. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న సంపులో ఒక్కో సెంటీమీటరుకు 30 లీటర్లు. అంటే వేడిని లెక్కలోకి తీసుకోకపోతే దాదాపు 100 లీటర్ల పొరపాటు వస్తుంది. నేల కింది సంపులో గాలి వేడి అంతగా మారదు. మేడ మీద ఎండలో ఉండే నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో మాత్రం మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ చాలా తేడా. అక్కడ డీఎస్18బీ20 వంటి ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి జతచేసి లెక్క సవరించుకోవడం మంచిది.

వైరింగులో చాలామంది చేసే తప్పు ఒకటుంది. పాత అల్ట్రాసోనిక్ బోర్డులు 5 వోల్టుల మీద నడిచి, ప్రతిధ్వని సంకేతాన్ని కూడా 5 వోల్టులతోనే ఇస్తాయి. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులకు చేసినవి. మధ్యలో ఒక కిలోఓమ్, రెండు కిలోఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీ విభజించి 3.3కు దించాలి. ఎస్పీ రోడ్డులో రూపాయల్లో దొరికే ఆ రెండు రెసిస్టర్లు చిప్పును కాపాడతాయి.

సంపు నుంచి వంటగదికి వై-ఫై అందకపోతే? కాంక్రీటు, ఇనుప మూత సంకేతాన్ని మింగేస్తాయి. సెన్సర్ మాత్రమే లోపల ఉంచి, మైక్రోకంట్రోలర్‌ను తీగతో బయటికి తెస్తే చాలాసార్లు సరిపోతుంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో లోరా రేడియో వాడతారు. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకునే వీలుంది. తక్కువ శక్తితో అంతస్తులు దాటి వెళ్ళగలగడం దాని బలం.

తెర మీద లీటర్లు చూపాలా, శాతం చూపాలా? శాతం అందంగా ఉంటుంది గానీ ట్యాంకరు పిలవాలా వద్దా అన్న నిర్ణయానికి లీటర్లే ఉపయోగం. ట్యాంకరు లీటర్ల లెక్కన వస్తుంది, ఇంటి ఖర్చూ లీటర్ల లెక్కనే సాగుతుంది. పెద్ద అంకెతో లీటర్లు, పక్కన సన్నని నిలువు పట్టీగా మట్టం చూపడం మంచి పద్ధతి. అంకెను పదులకు కుదించి 2,340 అని చూపితే చాలు. 2,343 అని చూపడం సెన్సర్‌కు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడమే.

వేడి, తేమ, ఒత్తిడి

డీహెచ్‌టీ11 సెన్సర్ వేడిని రెండు డిగ్రీల అటూఇటూ తేడాతో కొలుస్తుంది, డీహెచ్‌టీ22 అర డిగ్రీ తేడాతో. మొదటిదాని విలువకు దశాంశం తగిలించి తెర మీద 27.4 అని చూపడం చదివేవారిని తప్పుదోవ పట్టిస్తుంది. సెన్సర్‌ను బోర్డుకు అంటించి పెట్టెలో మూసేస్తే చిప్పు వేడి దానికి తగిలి గది ఉన్నదానికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. కొద్దిపాటి తీగతో బయటికి, వీలైతే పెట్టె కిందికి తేవాలి. వేడి గాలి పైకి పోతుంది కనుక కింద ఉన్నది నిజం చెబుతుంది. నగరంలో నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 2016 ఏప్రిల్‌లోని 39.2 డిగ్రీలు. గోడ మీది తెర నలభై దాటిందంటే ముందు అనుమానించవలసింది సెన్సర్ ఉన్న చోటును.

గాలి ఒత్తిడి కొలిచే బాష్ వారి బీఎంపీ280 సెన్సర్ బెంగళూరులో కొత్తవారిని కలవరపెడుతుంది. పుస్తకంలో 1013 హెక్టోపాస్కల్‌లు అని ఉంటుంది, తెర మీద 910 కనిపిస్తుంది. సెన్సర్ పాడైందని తిరిగి ఇచ్చేసేవారున్నారు. అందులో తప్పేమీ లేదు. 920 మీటర్ల ఎత్తున గాలి బరువు అంతే. అదే సెన్సర్ హైదరాబాదులో 950 దగ్గర, విజయవాడలో వెయ్యి చుట్టుపక్కల చూపుతుంది. వాతావరణ శాఖ ప్రకటించే విలువ సముద్రమట్టానికి సవరించినది. పోల్చుకోవాలంటే తెర లోపలి ప్రోగ్రాములో ఊరి ఎత్తును ఇచ్చి సవరించుకోవాలి.

ఈ సెన్సర్‌ను కొన్ని రోజులు గమనిస్తే మరో అందమైన సంగతి బయటపడుతుంది. ఉష్ణమండలంలో గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ దగ్గరలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ దగ్గరలో తక్కువ. తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు. వాతావరణం మొత్తం ఇలా ఊపిరి పీల్చి వదలడాన్ని ఒక చిన్న చిప్పు వంటింటి గోడ మీద చూపగలగడం నిజంగా అబ్బురం. చల్లని దేశాల కోసం రాసిన వాన సూచన ప్రోగ్రాములకు ఈ సంగతి తెలియదు. మూడు గంటల్లో ఒత్తిడి తగ్గితే వాన అని నమ్మే ఆ లెక్క ఇక్కడ రోజూ సాయంత్రం వాన పడుతుందని చెబుతుంది. నిన్నటి ఇదే గంటతో పోల్చి చూపే తెర మాత్రమే మన దగ్గర పనికొస్తుంది.

గాలి నాణ్యత

పీఎంఎస్5003 వంటి లేజర్ సెన్సర్లు గాలిని చిన్న ఫ్యానుతో లోపలికి లాగి, కాంతిని చెదరగొట్టే ధూళి కణాలను లెక్కపెడతాయి. పీఎం 2.5కు మన దేశ ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 15. తెర ఆకుపచ్చ రంగు చూపుతోందంటే ఏ హద్దు ప్రకారమో రాసుకోవాలి. గాలిలో చెమ్మ ఎక్కువైన ఉదయాల్లో కణాలు నీరు పట్టి ఉబ్బి, విలువ ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఎంహెచ్-జడ్19 తనను తాను సరిదిద్దుకునే పద్ధతికి ఒక షరతుంది. రోజులో ఒకసారైనా గది గాలి బయటి గాలితో సమానమవుతుందని అది నమ్ముతుంది. ఎప్పుడూ మూసి ఉండే ఏసీ గదిలో ఆ నమ్మకం తప్పి, విలువలు మెల్లగా పక్కదారి పడతాయి. కిటికీలు తెరిచే అలవాటున్న ఇళ్ళలో ఇది బాగా నడుస్తుంది.

కరెంటు వాడకం

కర్ణాటకలో 2023లో అమల్లోకి వచ్చిన గృహజ్యోతి పథకం ఈ కొలతకు కొత్త విలువ తెచ్చింది. ఇంటి పాత సగటుకు కొంత కలిపిన పరిమితి వరకు కరెంటు ఉచితం, ఆ పరిమితి ఎంతైనా నెలకు 200 యూనిట్లకు మించదు. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. కాబట్టి తెర మీద ఈ క్షణపు వాట్ల కంటే ఈ బిల్లు కాలంలో ఇప్పటిదాకా ఎన్ని యూనిట్లయ్యాయో, ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపితే ఇల్లాలికి ఉపయోగం. పీజెడ్‌ఈఎం-004టీ వంటి మాడ్యూలు వోల్టేజీని, కరెంటును, యూనిట్లను కొలిచి మైక్రోకంట్రోలర్‌కు అందిస్తుంది. బిల్లుకు లెక్క మాత్రం సరఫరా సంస్థ మీటరుదే.

కొలత తెరకు చేరే దారి

సెన్సర్, తెర ఒకే బోర్డు మీద ఉంటే చిక్కు లేదు. సంపు ఒకచోట, తెర మరోచోట ఉన్నప్పుడు మధ్యలో కబురు మోసేది కావాలి. ఎక్కువగా వాడేది ఎంక్యూటీటీ. ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్‌కు చెందిన ఆర్లెన్ నిప్పర్ 1999లో చమురు గొట్టాల మీది కొలతలను ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో పంపడానికి దీన్ని తయారు చేశారు. సెన్సర్ ఒక శీర్షిక కింద విలువను మధ్యవర్తి సర్వరుకు ఇస్తుంది, ఆ శీర్షిక కావాలన్న తెరలన్నిటికీ సర్వరు పంచుతుంది. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత వ్యవస్థ, దానికి తోడుగా ఉన్న ఈఎస్‌పీహోమ్ ఈ పనిని ప్రోగ్రామింగ్ రానివారికి కూడా దగ్గర చేశాయి. ఈఎస్‌పీహోమ్‌లో ఏ పిన్నుకు ఏ సెన్సరో, తెర మీద ఎక్కడ ఏం రావాలో కొద్ది వరుసల్లో రాస్తే మిగతా ప్రోగ్రామును అదే తయారు చేస్తుంది.

ఈ రంగంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది. తెర మీద కనిపిస్తున్న అంకె ఎప్పటిది? సంపు సెన్సర్ రాత్రి రెండింటికి ఆగిపోయింది. తెర మాత్రం ఉదయం కూడా 4,200 లీటర్లు అని చూపుతూనే ఉంది. దాన్ని నమ్మి మోటారు వేస్తే అది నీరు లేకుండా తిరిగి కాలిపోవచ్చు. సెన్సరే లేకపోతే మనిషి మూత ఎత్తి చూసేవాడు. పాత అంకె అతని జాగ్రత్తను కూడా పోగొట్టింది. చూపకపోవడం కంటే పాతది కొత్తదిలా చూపడం ఎక్కువ హాని.

ఎంక్యూటీటీలో చివరి విలువను సర్వరు దాచి ఉంచే సదుపాయం ఉంది. తెర మళ్ళీ వెలిగిన వెంటనే దానికి ఆ విలువ అందుతుంది. సౌకర్యమే గానీ, అది గంటల కిందటిదైనా అప్పుడే వచ్చినట్టు కనిపిస్తుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ ప్రమాదం ఉంటుంది. దీనికి మందు మూడు రకాలుగా వేయవచ్చు. సెన్సర్ విలువతో పాటు కొలిచిన సమయాన్ని కూడా పంపాలి. సెన్సర్ తెగిపోతే సర్వరే ఆ సంగతి ప్రకటించేలా, వీలునామా అనే సదుపాయాన్ని పెట్టుకోవాలి. తెర కూడా తనంతట తానుగా, అనుకున్న గడువు దాటితే అంకె తీసేసి గీతలు చూపాలి. చాలామంది మొదటి రెండింటితో ఆగిపోతారు. మూడోదే అసలైన రక్షణ, ఎందుకంటే వై-ఫై పోయినప్పుడు తెరకు ఎవరి ప్రకటనా అందదు.

సమయం తెలియాలంటే గడియారం కావాలి. ఈఎస్‌పీ32 బోర్డులో సాధారణంగా కరెంటు పోయినా నడిచే గడియారం ఉండదు. వెలిగిన ప్రతిసారీ ఇంటర్నెట్ నుంచి సమయం అడిగి, మన దేశ సమయం కోసం 19,800 సెకన్లు కలుపుకుంటుంది. కోతలున్న ప్రాంతాల్లో చిన్న బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం చిప్పు జతచేయడం మంచిది. రౌటరును కూడా యూపీఎస్ మీద ఉంచాలి.

తెలుగు అక్షరాలు

బెంగళూరులో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో పెద్దలు తెలుగు, వాచ్‌మన్ కన్నడం చదువుతారు. తెర మాత్రం ఇద్దరికీ ఇంగ్లీషే చూపుతుంది. ఇందుకు కారణం సాంకేతికమే. పాత 16 అక్షరాల ఎల్‌సీడీలో మనం సొంతంగా గీసుకోగలిగినవి ఎనిమిది అక్షరాలు, ఒక్కోటి అయిదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. గుడి, కొమ్ము, ఒత్తు అందులో ఇమడవు. చుక్కల తెరల మీద స్థలం ఉన్నా, మైక్రోకంట్రోలర్ లైబ్రరీలు ఒక సంకేతానికి ఒక బొమ్మ చొప్పున వరుసగా పేర్చుకుపోతాయి. తెలుగులో హల్లు, విరామం, హల్లు కలిస్తే రెండోది ఒత్తుగా మారి కిందికి దిగాలి. కంప్యూటర్లలో, ఫోన్లలో ఆ పని చేసే ప్రత్యేక ప్రోగ్రాము ఉంటుంది. ఈ చిన్న చిప్పుల్లో సాధారణంగా ఉండదు. అందుకే నేరుగా రాస్తే అక్షరాలు విడివిడిగా, పొల్లులతో పడతాయి.

పరిష్కారం కష్టమైనది కాదు. ఇంటి తెరకు కావలసిన మాటలు పదో పదిహేనో. నీళ్ళు, వేడి, తేమ, మోటారు, గంట, పాతది వంటి మాటలను కంప్యూటరులో మంచి ఖతితో రాసి, చుక్కల బొమ్మలుగా మార్చి చిప్పులో దాచాలి. 64 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉన్న మాటకు 192 బైట్లు. పది మాటలకు రెండు కిలోబైట్ల లోపే. ఈఎస్‌పీ32 బోర్డుల్లో సాధారణంగా ఉండే 4 మెగాబైట్ల నిల్వలో అది లెక్కలోకి కూడా రాదు. కన్నడానికీ ఇదే పద్ధతి. ఒక బొత్తం నొక్కితే భాష మారేలా రెండు బొమ్మల వరుసలు పెట్టుకోవచ్చు. ఖతి సన్నగా ఉంటే తలకట్టు మాయమవుతుంది కనుక లావుపాటిదే ఎంచుకోవాలి. ఇంత చిన్న శ్రమతో ఇంట్లో అందరూ చదవగలిగే తెర వస్తున్నప్పుడు ఇంగ్లీషుతో సరిపెట్టుకోవడం తగదు.

భద్రత

తెర, మైక్రోకంట్రోలర్, సెన్సర్లు 5 వోల్టుల లోపు నడుస్తాయి, ముట్టుకున్నా ప్రమాదం లేదు. కరెంటు కొలిచే మాడ్యూలు, మోటారు నడిపే రిలే మాత్రం 230 వోల్టులకు తగులుకుని ఉంటాయి. వాటిని బ్రెడ్‌బోర్డు మీద, విప్పిన తీగలతో వదలకూడదు. మూసిన పెట్టెలో, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే అమర్చించాలి. ఆ సర్క్యూటులో లీకేజీ బ్రేకరు ఉండి తీరాలి. సంపు దగ్గర తడి కాళ్ళతో నిలబడి పనిచేస్తాం కనుక అక్కడ ఇది మరీ ముఖ్యం.

వంటగ్యాసు సెన్సర్ గురించి ఒక మాట. ఎంక్యూ-6 వంటి చవక సెన్సర్లు లోపల చిన్న హీటరుతో పనిచేస్తాయి. కొత్తగా పెట్టినప్పుడు ఒకటి రెండు రోజులు వేడెక్కితే గానీ స్థిరపడవు. తెర మీద అవి చూపే అంకె ఒక అంచనా మాత్రమే. సిలిండరు గ్యాసు గాలి కంటే బరువైనది, నేలకు దగ్గరగా పరుచుకుంటుంది. సెన్సర్‌ను పైన బిగిస్తే అది ఆలస్యంగా మేలుకుంటుంది. ప్రయోగంగా నేర్చుకోవడానికి ఇవి మంచివే. ప్రాణాలకు కాపలాగా మాత్రం ప్రమాణాల ప్రకారం పరీక్షించిన అలారమే కొనాలి. ఇంట్లో గ్యాసు వాసన వస్తే తెర చూడటానికి వెళ్ళకండి. ఏ స్విచ్చూ వేయకండి, తీయకండి. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరినీ బయటికి పంపి, బయటికి వచ్చాకే 1906కు ఫోను చేయండి.